చలికి కొయ్యబారిన పెద్ద సాలీడు: ముందు దాని కళ్లు చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. రాత్రి బాగా చలి, పొద్దున లేచేసరికి గడ్డి మీద మంచు గడ్డకట్టి ఉంది. షెడ్డు బయట పేర్చిన కట్టెల మీద అరచేయంత సాలీడు, గోధుమరంగు, కాళ్ల మీద ముదురు పట్టీలు. మీ పాప పుల్లతో తాకితే ఒక కాలు కొద్దిగా వెనక్కి లాక్కుంది, అంతే, మళ్లీ కదల్లేదు. అది ఏ సాలీడు, బతికుందా చచ్చిందా, విషం ఉంటుందా, పాపం చలికి పోతుందేమో ఇంట్లోకి తెచ్చి వెచ్చగా పెట్టమంటారా?

తొందరగా తేలిపోయేవి ముందు చెప్పేస్తాను. కాలు లాక్కుంది కాబట్టి బతికే ఉంది. ఇంట్లోకి తేకండి, ఎందుకో కింద రాస్తాను. ఏ సాలీడు అన్నదే అసలు చిక్కు. మీరు పెట్టిన ఫోటో నిలబడి పైనుంచి తీసింది. అందులో రంగు తెలుస్తోంది, మచ్చలు తెలుస్తున్నాయి, మొహం మాత్రం తెలియడం లేదు. ఏ దేశంలో ఉన్నారో కూడా రాయలేదు. అందుకని గుడ్డిగా ఒక పేరు చెప్పేయను. ఎలా తేల్చుకోవాలో చెబుతాను, నా అనుమానం ఎటు పోతోందో కూడా చెబుతాను.

ఇరవై ఏళ్లకు పైగా సాలీళ్లను చూస్తున్నాను. "పెద్ద గోధుమరంగు సాలీడు, ఇదేంటి?" అన్న ప్రశ్న ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. అడిగినవాళ్లలో చాలామంది అప్పటికే రంగు చూసి ఇంటర్నెట్‌లో వెతికి, ఏదో భయంకరమైన పేరు పట్టుకుని, టెన్షన్ పడుతూ వస్తారు. సాలీడు విషయంలో రంగును నమ్మినంత పొరపాటు ఇంకోటి లేదు. ఒకే జాతిలో ఒకటి బూడిదరంగులో ఉంటే పక్కది దాదాపు నల్లగా ఉంటుంది. కుబుసం విడిచిన కొత్తలో ఒక రంగు, వయసు మీద పడి వెంట్రుకలు రాలాక ఇంకో రంగు. పొద్దున్నే మంచుతో తడిసిన ఒళ్లు అసలు కంటే ముదురుగా కనిపిస్తుంది. పేరు పెట్టిన సాలీడు జాతులు 2022లోనే యాభై వేలు దాటాయి. గోధుమరంగు అని చెబితే వాటిలో ఎన్ని మిగులుతాయో మీరే ఊహించుకోండి.

పరిమాణం గురించి కూడా ఒక మాట. "అరచేయంత" అన్నారు. మనకు కంటికి ఆనేది కాళ్లతో కలిపి చూసిన వెడల్పు. సాలీళ్లు చదివేవాళ్లు కొలిచేది శరీరం ఒక్కటే, అంటే తల ముందు అంచు నుంచి పొట్ట చివరి దాకా. కాళ్లు చాపితే ఎనిమిది తొమ్మిది సెంటీమీటర్లు ఉండే సాలీడు శరీరం రెండు, రెండున్నర సెంటీమీటర్లకు మించకపోవచ్చు. చాలా గందరగోళం ఇక్కడే మొదలవుతుంది. పుస్తకంలో "2 సెంటీమీటర్లు" అని చూసి, నేను చూసింది ఇది కాదులే, దానికి నాలుగింతలు ఉంది అని పక్కన పెట్టేస్తారు. అదే అయి ఉంటుంది. పక్కన ఒక నాణెమో స్కేలో పెట్టి ఫోటో తీస్తే ఈ గొడవ ఉండదు.

ఇక కళ్లు. ఎండాకాలంలో పెద్ద సాలీడు మొహం చూడాలంటే తల ప్రాణం తోకకి వస్తుంది. కెమెరా దగ్గరికి తెచ్చేలోపే అది కట్టె అవతలికి పోతుంది. మీ సాలీడు ఇప్పుడు చలికి మొద్దుబారి ఉంది, పారిపోలేదు. నిజానికి ఇది మంచి అవకాశం. రేపు పొద్దున కూడా అక్కడే ఉంటే ఎండ తగలకముందే వెళ్లండి. కట్టెల ఎత్తుకి వంగి, ఫోన్‌ని దాని మొహం ఎత్తులో, ఎదురుగా పట్టండి. ఒక జానెడు దూరంలో పెట్టి జూమ్ చేయండి, మరీ దగ్గరికి పోతే ఫోకస్ కుదరదు. ఇంకొకరిని పక్కనుంచి టార్చ్ వేయమనండి. దాని మీద ఊపిరి పడనీయకండి, వెచ్చటి గాలి తగిలితే కాళ్లు సర్దుకోవడం మొదలుపెడుతుంది. చేత్తో పట్టుకోవద్దని వేరే చెప్పనక్కర్లేదు అనుకుంటాను, అయినా పాప ఉంది కాబట్టి చెబుతున్నాను.

ఫోటోలో చూడాల్సింది కళ్లు ఎన్ని, ఎలా పేర్చి ఉన్నాయి అన్నది. చాలా సాలీళ్లకు ఎనిమిది కళ్లు. ఆ ఎనిమిదీ ఎలా అమరి ఉన్నాయో దాన్ని బట్టి ఏ కుటుంబమో దాదాపు తేలిపోతుంది.

కింద నాలుగు చిన్న కళ్లు వరుసగా, వాటి పైన ముందుకు చూసే రెండు పెద్ద కళ్లు, ఇంకా పైన, తల మీద కాస్త వెనగ్గా మరో రెండు ఉంటే అది వుల్ఫ్ స్పైడర్, తోడేలు సాలీడు. ఆ మధ్యలో ఉన్న పెద్ద కళ్ల జంట చూస్తే కారు హెడ్‌లైట్లు గుర్తొస్తాయి. చీకట్లో టార్చ్‌ని మీ కంటి పక్కనే పెట్టుకుని వెలుగు దాని మీద వేస్తే ఆ కళ్లు ఆకుపచ్చ కలిసిన నీలంగా మెరుస్తాయి. కంటి లోపల వెలుగును వెనక్కి కొట్టే పొర ఉండటం వల్ల వచ్చే మెరుపు అది. వెచ్చటి రాత్రి పచ్చిక మీద ఇలా టార్చ్ వేసి చూడండి, గడ్డిలో రవ్వలు చల్లినట్టు కనిపిస్తాయి. నేను మొదటిసారి చూసినప్పుడు మంచు బిందువులు అనుకున్నాను. అడుగు వేశాక ఆ బిందువులు పరుగెత్తాయి.

ఎనిమిది కళ్లూ నాలుగేసి చొప్పున రెండు వరుసల్లో, పరిమాణంలో పెద్ద తేడా లేకుండా ఉండి, వెనక వరుస కొంచెం వంపు తిరిగి ఉంటే, కాళ్లకు పట్టీలు ఉంటే, ఫిషింగ్ స్పైడర్ వైపు మొగ్గుతాను. శాస్త్రీయంగా డోలోమిడిస్ అన్న ప్రజాతి. చలికాలం కట్టెల దొంతరలో "అరచేయంత సాలీడు" అని ఎవరైనా అన్నారంటే, వాళ్లు ఉత్తర అమెరికా తూర్పు భాగంలో ఉన్నారంటే, పదిలో ఎక్కువసార్లు ఇదే అవుతుంది. డోలోమిడిస్ టెనెబ్రోసస్ అనే జాతి. పేరుకి చేపలు పట్టే సాలీడే గానీ ఇది నీటికి చాలా దూరంగా, చెట్ల మీదా షెడ్లలోనూ బతుకుతుంది. ఆడదాని శరీరం ఒకటిన్నర నుంచి 2.6 సెంటీమీటర్ల దాకా. మగది అందులో సగం. పాపం మగదాని కథ విచిత్రం: జతకట్టగానే కాళ్లు ముడుచుకుని అక్కడికక్కడే చచ్చిపోతుంది. ఆడది చంపక్కర్లేదు, దాని గుండే ఆగిపోతుంది. అందుకే మనకు కనిపించే పెద్దవన్నీ ఆడవే. చలికాలం వదులైన బెరడు కిందా, రాళ్ల సందుల్లోనూ, పేర్చిన కట్టెల మధ్యా దాక్కుంటుంది. మీరు రాసిన చోటు, కాళ్ల పట్టీలు, పరిమాణం మూడూ దీనికి బాగా సరిపోతున్నాయి. యూరప్‌లోనూ డోలోమిడిస్ సాలీళ్లున్నాయి గానీ అవి చిత్తడి నేలలు వదిలి రావు. కట్టెల మీద కనిపిస్తే దాన్ని అనుమానించను.

వుల్ఫ్ స్పైడర్‌కీ దీనికీ తేడా తెలియక జనం తరచూ ఒకదాన్ని ఇంకోటి అనుకుంటారు. ఎండాకాలం అయితే ఒక సులువు ఉంది. వుల్ఫ్ స్పైడర్ గుడ్ల సంచిని పొట్ట చివర, దారం తీసే గొట్టాలకు అతికించుకుని మోస్తుంది, పిల్లలు బయటికి వచ్చాక వీపు మీద ఎక్కించుకుని తిరుగుతుంది. ఫిషింగ్ స్పైడర్ ఆ సంచిని కోరలతో పట్టుకుని పొట్ట కింద మోస్తుంది, కాళ్లు మునివేళ్ల మీద నడుస్తున్నట్టు పెడుతుంది. చలిలో సంచీ ఉండదు, పిల్లలూ ఉండవు, అందుకే కళ్లు చూడమని పోరు పెడుతున్నాను. మరో తేడా, చలిలో పెద్ద వుల్ఫ్ స్పైడర్‌లు ఎక్కువగా నేలలో బొరియల్లోనే ఉండిపోతాయి. ఉత్తర అమెరికాలో అన్నిటికంటే పెద్ద వుల్ఫ్ స్పైడర్ హోగ్నా కరోలినెన్సిస్, ఆడదాని శరీరం మూడు సెంటీమీటర్లు దాటగలదు. అది కట్టెల పైన గడ్డకట్టే పొద్దున కూర్చోవడం అరుదు. బొరియ తవ్వినప్పుడో, వాన నీరు నిండినప్పుడో బయటపడుతుంది.

కాళ్లు పక్కలకు, పీత కాళ్లలా చాపి, ఒళ్లు పలకలా అణిగి, గోడకు అంటుకుపోయినట్టు ఉంటే హంట్స్‌మన్. దీని కళ్లూ రెండు వరుసల్లోనే ఉంటాయి, కాబట్టి ఇక్కడ కాళ్ల అమరిక చూడాలి. మిగతా సాలీళ్ల మోకాళ్లు పైకి లేస్తాయి, దీనివి పక్కకి తిరుగుతాయి. కాగితం పట్టేంత సందులోకి దూరిపోవడానికి వీలుగా అలా పుట్టింది. వేడి దేశాలన్నిటా తిరిగే హెటెరోపోడా వెనటోరియా అనే హంట్స్‌మన్ మొహం మీద కళ్ల కింద మీసం గీసినట్టు లేత రంగు పట్టీ ఉంటుంది. కాళ్లతో కలిపి 7 నుంచి 12 సెంటీమీటర్లు. అది ఇళ్లలోనే ఎక్కువ. మంచు గడ్డకట్టే చోట బయట దొరకదు. ఆస్ట్రేలియాలో మాత్రం బెరడు కింద గుంపులుగా బతికే హంట్స్‌మన్ జాతి ఉంది, చల్లటి రాత్రుల్లో అవి అక్కడే ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. సాలీళ్లలో ఇలా కలిసుండేవి చాలా తక్కువ. (2001లో లావోస్ నుంచి వర్ణించిన హెటెరోపోడా మాక్సిమా కాళ్ల వెడల్పు 30 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. అది మీ కట్టెల మీదకి రాదు, ఊరికే చెబుతున్నాను, ఊరట కోసం.)

యూరప్‌లోగానీ, ఉత్తర అమెరికా వాయవ్య తీరంలోగానీ ఉంటే ఇంకో అభ్యర్థి ఉంది, జెయింట్ హౌస్ స్పైడర్. సన్నటి పొడవాటి కాళ్లు, కాళ్ల మీద స్పష్టమైన పట్టీలు ఉండవు, పొట్ట చివర రెండు తోకల్లా పొడుచుకొచ్చిన దారపు గొట్టాలు. కాళ్లతో ఏడెనిమిది సెంటీమీటర్లు ఉండొచ్చు. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా మగవి ఆడవాటిని వెతుక్కుంటూ తిరుగుతాయి, సింకులోనో బాత్ టబ్బులోనో పడి పైకి ఎక్కలేక కూర్చుంటాయి. "చలికి సాలీళ్లు ఇంట్లోకి వచ్చేస్తున్నాయి" అని అందరూ అనేది వీటిని చూసే. అవి చలికి రాలేదు. చాలావరకు ముందునుంచీ ఆ ఇంట్లోనే ఉన్నాయి, పెళ్లి చూపులకు బయల్దేరాయి కాబట్టి కంటబడ్డాయి. మీ సాలీడు కాళ్లకు పట్టీలున్నాయి కాబట్టి దీన్ని దాదాపు తీసేయొచ్చు.

గూడు కట్టే పెద్ద సాలీళ్లను కూడా ఒకసారి ఆలోచించాలి, కానీ చలి వాటిని మనకోసం ముందే ఏరేస్తుంది. తోటల్లో గుండ్రటి గూడు కట్టే యూరప్ గార్డెన్ స్పైడర్, పసుపు నలుపు చారల ఆర్జియోప్ లాంటివి ఎక్కువగా ఒక్క ఏడాది జీవులు. శరత్కాలంలో గుడ్లు పెట్టి, మంచు గడ్డకట్టే రోజులు రాగానే పెద్దవి చచ్చిపోతాయి. చలికాలం దాటేది ఎక్కువగా గుడ్ల సంచే. ఆర్జియోప్‌లో ఒక జాతి పిల్లలు శరత్కాలంలోనే గుడ్డు పగిలి కూడా సంచిలోనే వసంతం దాకా కూర్చుంటాయి. జోరో స్పైడర్ అని జపాన్, కొరియా వైపు నుంచి వచ్చి 2014లో అమెరికాలోని జార్జియాలో గుర్తించినది కూడా ఇంతే, నవంబరు దాటాక పెద్దవి కనిపించవు. కాబట్టి గట్టి మంచు పడ్డాక కూడా పెద్ద సాలీడు కనిపించిందంటే, అది ఒకటి కంటే ఎక్కువ ఏళ్లు బతికే జాతో, లేదా సందుల్లో దాక్కుని చలి గడిపే జాతో అయి ఉండాలి. ఒక్క రుతువు చూసే సగం జాబితా కొట్టేయొచ్చు. చాలామంది తేదీ రాయరు, అది రాయడం కాళ్ల రంగు రాయడం కంటే ఎక్కువ పనికొస్తుంది.

ఇంకో రకం చెప్పాలి. కళ్లన్నీ తల మధ్యలో ఒక చిన్న గుట్ట మీద కుప్పగా ఉండి, కోరలు లావుగా ముందుకు పొడుచుకొచ్చి, కాళ్లు కూడా లావుగా ఉంటే, అది టారంటులా, ట్రాప్‌డోర్, ఫనెల్ వెబ్ లాంటి పాతకాలపు వర్గానికి చెందినది. వీటి కోరలు కత్తెరలా పక్కలనుంచి కలుసుకోవు, రెండు గొడ్డళ్లలా సమాంతరంగా కిందికి దిగుతాయి. అమెరికా నైరుతి ఎడారుల్లో టారంటులా మగవి చలి మొదలయ్యే ముందు రోడ్లు దాటుతూ కనిపిస్తాయి. ఆస్ట్రేలియాలో మౌస్ స్పైడర్ మగవి శరత్కాలంలో, చలి మొదట్లో పగటిపూట కూడా నేల మీద తిరుగుతాయి, నల్లగా నిగనిగలాడుతూ, ఉబ్బిన తలతో. మీరు ఆస్ట్రేలియా తూర్పు తీరంలో ఉండి, చూసింది నల్లగా, నున్నగా, వెంట్రుకలు లేనట్టు మెరుస్తూ ఉంటే మాత్రం నా జవాబు మొత్తం మారిపోతుంది. పాపను దూరంగా పిలవండి, పుల్లతో కూడా తాకొద్దు. అక్కడి ఫనెల్ వెబ్ విషం ప్రాణాంతకం. 1981లో విరుగుడు మందు వచ్చాక ఆ కాటుతో మరణాలు నమోదు కాలేదు, కానీ ఆ మందు ఉన్నది ఆసుపత్రిలో. మీరు చెప్పిన గోధుమరంగు, పట్టీలు దీనికి ఏమాత్రం సరిపోవు.

విషం సంగతికి వచ్చాం కాబట్టి అదీ పూర్తిచేస్తాను. సాలీళ్లలో దాదాపు అన్నిటికీ విషం ఉంటుంది, వాటి తిండి సంపాదనే దానితో. మనిషికి హాని చేసేవి చాలా కొద్ది. అందరూ భయపడే రెండు పేర్లు, బ్రౌన్ రిక్లూస్, బ్లాక్ విడో. రెండూ మీరు చెప్పినంత పెద్దవి కావు. రిక్లూస్ శరీరం సాధారణంగా సెంటీమీటరు చుట్టుపక్కలే, కాళ్లకు పట్టీలు ఉండవు, కళ్లు ఎనిమిది కాదు, ఆరే, అవీ జంటలుగా మూడు చోట్ల. బ్లాక్ విడో ఆడదాని శరీరం కూడా ఒకటి, ఒకటింపావు సెంటీమీటర్లే. "ఎంత పెద్దదైతే అంత విషం" అన్న లెక్క సాలీళ్ల దగ్గర పనిచేయదు. ఫిషింగ్ స్పైడర్, వుల్ఫ్ స్పైడర్ కరిస్తే తేనెటీగ కుట్టినంత నొప్పి, కొంచెం వాపు. అదీ చేతి కింద నలిగినప్పుడో, చేతి తొడుగులో ఇరుక్కున్నప్పుడో. ఒకవేళ కరిస్తే సబ్బుతో కడిగి చల్లటి గుడ్డ పెట్టండి. కండరాలు పట్టేయడం, ఒళ్లంతా చెమట, ఊపిరి ఆడకపోవడం, నొప్పి గంటగంటకీ పెరగడం, వీటిలో ఏది కనిపించినా ఆసుపత్రికి వెళ్లాలి, పేరు తేలే దాకా ఆగక్కర్లేదు.

బతికుందా చచ్చిందా అన్న దానికి వివరం. సాలీడు కాళ్లలో కొన్ని ముఖ్యమైన కీళ్ల దగ్గర ముడిచే కండరాలు ఉన్నాయి గానీ చాపే కండరాలు లేవు. కాలు చాపాలంటే తల భాగం నుంచి ఒంట్లో ద్రవాన్ని ఒత్తిడితో కాళ్లలోకి పంపుతుంది, నీళ్ల పైపు ఉబ్బినట్టు. చచ్చిపోతే ఆ ఒత్తిడి పోతుంది, కండరాలు లాగేస్తాయి, కాళ్లన్నీ పొట్ట కిందికి ముడుచుకుపోయి మూసిన పిడికిలిలా అవుతుంది, తరచూ వెల్లకిలా పడి ఉంటుంది. చలికి మొద్దుబారినది అలా ఉండదు. ఉన్న చోటే, బోర్లా, కాళ్లు ఒంటికి దగ్గరగా లాక్కుని, మోకాళ్లు పైకి పెట్టుకుని కూర్చుంటుంది. చలికి మోకాళ్లు దగ్గరికి లాక్కుని ముడుచుకు పడుకున్న మనిషే గుర్తొస్తాడు. పాప తాకితే కాలు లాక్కోవడం ఇందులో ఉన్నదే. తాకినా కదలకపోయినా చచ్చినట్టు కాదు, సున్నా డిగ్రీల దగ్గర స్పందన రావడానికి నిమిషాలు పట్టొచ్చు.

మూడో సంభావ్యత కూడా ఉంది, మీ కేసు కాదు గానీ చాలామంది మోసపోతారు: కుబుసం. సాలీడు ఒళ్లు పెరిగినప్పుడల్లా పాత చర్మం వదిలేస్తుంది, అది కాళ్లు, కోరలు, వెంట్రుకలతో సహా అచ్చం సాలీడులాగే ఉంటుంది. తల పైభాగం డబ్బా మూత తెరిచినట్టు లేచి ఉంటుంది, పొట్ట ముడతలుపడిన తొక్కలా వేలాడుతుంది. ఊదితే ఎగిరిపోతుంది. చూరు కింద నెలల తరబడి అలాగే ఉంటుంది.

మరి ఇంత చలిలో అదెలా బతుకుతోంది అంటే, ఒంట్లో ద్రవం సున్నా డిగ్రీలకు గడ్డకట్టకుండా చూసుకుంటుంది. చలి ముందు గ్లిజరాల్ లాంటి పదార్థాలు, మంచు స్ఫటికం పెరగకుండా అడ్డుపడే ప్రొటీన్లు తయారుచేసుకునే జాతులున్నాయి. కొన్ని మైనస్ 20 డిగ్రీల చుట్టుపక్కల దాకా గడ్డకట్టకుండా తట్టుకోగలవు. ఒకసారి లోపల మంచు స్ఫటికం పుట్టిందంటే మాత్రం ఇక తిరిగి రాదు. అందుకే చాలా జాతులు చలికాలం ముందు పొట్ట ఖాళీగా ఉంచుకుంటాయి, కడుపులో ఉన్న తిండి కూడా మంచు పుట్టడానికి విత్తనంలా పనిచేస్తుంది. ఇంకొన్ని ఎండుటాకుల కింద, మంచు పొరకీ నేలకీ మధ్య సందులో ఉంటాయి. పైన ఎంత చలి ఉన్నా అక్కడ సున్నా దగ్గరే నిలుస్తుంది. కాస్త ఎండ రాగానే మంచు మీద నడిచే చిన్న సాలీళ్లు కూడా ఉన్నాయి, చూసినవాళ్లు మొదట నమ్మరు.

ఇక ఇంట్లోకి ఎందుకు తేవద్దో. నేను ఈ పని చేసి ఫలితం అనుభవించాను. మొదట్లో ఒక చలికాలం పొద్దున బెరడు కింద ఒక పెద్ద ఆడ సాలీడు దొరికింది, కదలడం లేదు. పోయిందనుకుని, తీరిగ్గా కొలుద్దామని మూత లేని గాజు సీసాలో వేసి లోపలికి తెచ్చి బల్ల మీద లైటు కింద పెట్టాను. వేరే పనిలో పడ్డాను. అరగంట తర్వాత చూస్తే సీసా ఖాళీ. లైటు వేడికి నిద్ర లేచింది. రెండు రోజులు ఇంట్లో ఎవరూ ఆ గదిలోకి రాలేదు. మూడో రోజు పుస్తకాల అలమర వెనక దొరికింది, కాళ్లు పిడికిలిలా ముడుచుకుని, ఈసారి నిజంగానే పోయింది. వెచ్చటి గదిలో గాలి పొడిగా ఉంటుంది, తాగడానికి నీళ్లు లేవు, తినడానికి పురుగులు లేవు. చలిలో వారాల తరబడి ఖర్చు కాకుండా దాచుకున్న శక్తి వెచ్చదనంలో గబగబా కరిగిపోతుంది. మనం జాలిపడి చేసింది దానికి ఆకలి చావు.

కాబట్టి ఆ కట్టెలు మీకు ఇప్పుడు అవసరం లేకపోతే దాన్ని అక్కడే వదిలేయండి. ఎండ కాస్తే తనంతట తానే లోపలి సందులోకి జరుగుతుంది. అవసరమైతే గ్లాసు బోర్లించి, కింద నుంచి పలుచటి అట్టముక్క తోసి, గాలి తగలని చోట, బెరడు ముక్కల కిందో ఎండుటాకుల పోగు కిందో వదలండి. తలుపు పక్కన బహిరంగంగా పడేయకండి. కట్టెలు తీసేటప్పుడు చేతి తొడుగులు వేసుకోండి, ఒక్కో కట్టెనీ బయటే నేల మీద ఒకటి రెండు సార్లు కొట్టి తీసుకెళ్లండి. పొయ్యి పక్కన కట్టెలు పేర్చి రాత్రంతా ఉంచితే పొద్దుటికి గోడ మీద ఇలాంటిదే నడుస్తూ కనిపిస్తుంది. అది బయటనుంచి దాడికి వచ్చింది కాదు, మీరే మోసుకొచ్చారు. ఒక వారానికి సరిపడా తెచ్చి పెట్టుకునే బదులు, ఆ పూటకు కావలసినవే తెచ్చుకుంటే ఈ సమస్యే రాదు.

ఇప్పుడు మీ దగ్గర నుంచి నాకు కావలసినవి: ఏ దేశం, ఏ ప్రాంతం, ఆ రోజు తేదీ, మొహం ఎదురుగా తీసిన ఒక ఫోటో, పక్కన నాణెంతో పైనుంచి ఒకటి. వీలైతే గ్లాసులో ఉన్నప్పుడు అడుగునుంచి ఒకటి. నోటి పక్కన చిన్న కాళ్లలా ఉండే రెండిటి చివర్లు బాక్సింగ్ గ్లోవుల్లా ఉబ్బి ఉన్నాయా లేదా కూడా చూడండి, ఉబ్బి ఉంటే మగది. మీరు ఉత్తర అమెరికా తూర్పు వైపు ఉండి, కళ్లు నాలుగేసి రెండు వరుసల్లో ఉంటే నా పందెం ఫిషింగ్ స్పైడర్, ఆడది. మధ్యలో రెండు హెడ్‌లైట్లు కనిపిస్తే వుల్ఫ్ స్పైడర్, అప్పుడు అది బొరియ వదిలి కట్టెల మీదికి ఎందుకు ఎక్కిందో నాకూ తెలుసుకోవాలని ఉంది. దగ్గర్లో ఈమధ్య ఎవరైనా నేల తవ్వారేమో చూసి రాయండి.